గవ్వలవ్వ మంచం పక్కన

జూలై 6, ఆదివారం

నా కూతురు ఫ్లోరా ఇంట్లో ఉంది. ఈ ఒక్క మాట రాసుకోవడానికే ఈ డైరీ తెరిచాను. ఐస్ ఫ్యాక్టరీలో పని మానేసిన ఏడాది యజమాని ఇచ్చిన డైరీ ఇది. తేదీలు పాతవి, కొట్టేసి కొత్తవి వేసుకుంటున్నాను. పేజీలు మాత్రం తెల్లగా బంగారంలా ఉన్నాయి.

గురువారం మధ్యాహ్నం మైపాడు బస్సులో చెప్పాపెట్టకుండా దిగింది. చేతిలో ఒక్క సంచి. చెన్నైలో పెద్దాసుపత్రిలో, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ వార్డులో నర్సు నా బిడ్డ. నాలుగేళ్ళుగా క్రిస్మస్‌కి కూడా సరిగా సెలవు దొరకలేదు. ఇప్పుడు దొరికింది. ఎన్నాళ్ళని నేను అడగలేదు. అడిగితే అక్కడి నుంచి లెక్క మొదలవుతుంది.

ఈ రోజు చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. ఎంతసేపు చెప్పానో నాకు తెలియదు, పాస్టరు గారు రెండుసార్లు దగ్గారు. ఇంటికి వచ్చాక కూడా నా నోరు ఆగలేదు. కరుణాకుమారి పొయ్యి దగ్గర నుంచే అంది:

"ఏందయ్యా నీ గోల? పొద్దన్నించీ బిడ్డొచ్చింది బిడ్డొచ్చింది అని. పేటంతా చూసిందిలే. ఇంకా మిగిలుంటే యాడన్నా రాసుకో, నా చెవులు నొప్పి పుడతుండాయి."

అందుకే రాసుకుంటున్నాను. భార్య మాట వినేవాడిని నేను.

మామిడికాయ వేసిన చేపల పులుసు చేసింది కరుణ. ఫ్లోరా రెండు ముద్దలు తింది. ప్రయాణపు అలసట.

జూలై 8

ఫ్లోరా బాగా నిద్రపోతోంది. పగలు కూడా. ఎంత విశ్రాంతి, ఎంత మంచిది.

జూలై 11, శుక్రవారం

ఈ రోజు ఫ్లోరా గొంతు విన్నాను. గదిలోంచి మాటలు వినిపిస్తే ఎవరితోనో ఫోనులో అనుకున్నాను. తొంగి చూస్తే ఫోనులో ఉన్న బొమ్మతో మాట్లాడుతోంది. "అవ్వా, ఈసారి నా మాట విను, గమ్ముగా పడుకో" అంటోంది. నేను వెళ్ళి మంచం చివర కూర్చున్నాను.

"ఏందిమ్మా అది?"

"ఆట నాయనా. ఉప్పుదీవి అని."

"నువ్వొక్కదానివేనా ఆడేది?"

"వేలమంది ఆడతారు ఒకేసారి. అదిగో, ఆ నల్లచొక్కా అతను కూడా మనిషే. ఏ ఊర్లోనో కూర్చోని ఆడతావుంటాడు."

"మరి ఈ ముసలామె?"

"ఆమె మనిషి కాదు. కథలో ఉండే మనిషి. ఆమె ఏం మాట్లాడాల్నో ముందే రాసిపెట్టినారు."

ఎవరు రాసినా ఆమె అచ్చం మా మేనత్తలా ఉంది. అదే నడుం వంపు, అదే విసుగు. ఒడ్డున గవ్వలు ఏరుకుంటూ, దీవిలో అందరికీ చెట్టుమందులు ఇస్తుందట. పేరు గవ్వలవ్వ. తెలుగు మాట్లాడుతుంది, కాకపోతే గోదావరి తెలుగు.

నా ఫోనులో నాకూ ఒక మనిషిని చేసిపెట్టమన్నాను. ఫ్లోరా నా ముఖం చూసింది.

"ముసలోళ్ళు లేరు నాయనా ఇందులో. అందరూ కండలు తిరిగినోళ్ళే."

"కండలు ఉండనీ. జుట్టు తెల్లగా పెట్టు."

నవ్వింది. వచ్చాక మొదటిసారి నవ్వింది. సమాధానం అన్న నా పేరు పెట్టబోతే అప్పటికే ఇంకెవరో పెట్టుకున్నారట. అందుకని 'సమాధానం మైపాడు' అని పెట్టింది. కండలు తిరిగిన తెల్లజుట్టు మనిషి ఒకడు దీవి ఒడ్డున నిలబడ్డాడు, నడవమంటే నేరుగా సముద్రంలోకి నడిచాడు. ఫ్లోరా మళ్ళీ నవ్వింది. ఇంకో రెండుసార్లు నేను కావాలనే సముద్రంలోకి నడిపించాను.

జూలై 13

ఆసుపత్రి నుంచి హెడ్ సిస్టరు ప్రేమలీల గారు నా ఫోనుకు చేశారు. ఫ్లోరా తన ఫోను తీయడం లేదట. నెలాఖరు దాకా చూస్తారట, ఆ తర్వాత ఆ డ్యూటీకి వేరే అమ్మాయిని వేసుకుంటారట. వేసుకోనీ, ఎవరో ఒకరు ఉండాలి కదా రోగుల దగ్గర.

ఫ్లోరా పడుకుని ఉందమ్మా అన్నాను. అబద్ధం కాదు. వరండాలో కుర్చీలో నిజంగానే కళ్ళు మూసుకుని ఉంది.

జూలై 16, బుధవారం

గవ్వలవ్వ చనిపోతుందట.

ఈ సంగతి నాకు చెప్పినవాడు నల్లచొక్కా అతను. అతని పేరు నరేంద్రబాబు, కావలిలో జెరాక్స్ షాపు. ఈ ఆటలో పక్కపక్కన నిలబడితే నోటితోనే మాట్లాడుకోవచ్చు. గిరాకీ లేనప్పుడు ఆడుకుంటాడట. మంచి మనిషి, నాకు కత్తి పట్టుకోవడం కూడా నేర్పాడు.

అవ్వ నెత్తి మీద చిన్న పసుపు దీపం వెలుగుతూ ఉంటుంది. దాన్ని నొక్కితే కథ ముందుకు పోతుంది. అవ్వకి జ్వరం వస్తుంది, పక్క దీవి కొండ మీద ఒక వేరు ఉంది తెచ్చిపెట్టు అంటుంది. మనం పడవ ఎక్కి, అక్కడ కాపలా ఉన్న మృగంతో కొట్లాడి, వేరు తెచ్చేసరికి ఆమె ప్రాణం పోయి ఉంటుంది. వేరు తెచ్చినందుకు మాత్రం మంచి కత్తి ఇస్తారు.

"తొందరగా పోతే?" అన్నాను.

"ఎంత తొందరగా పోయినా అంతేనండి సమాధానం గారూ. మనం రైల్లో ప్యాసింజర్ల మాదిరి. పట్టాలు వాళ్ళేసినారు. మనం కిటికీ పక్కన కూర్చున్నా, మెట్ల మీద నిలబడినా దిగేది ఒకే స్టేషన్లో."

ఫ్లోరా పక్కనే ఉంది. ఆమె ఇప్పటికి ఎంతోమంది మనుషుల్ని తయారుచేసి ఎన్నో దారుల్లో పోయి చూసిందట. పడవ మార్చింది, తుఫాను దారిలో పోయింది, మృగంతో కొట్లాడకుండా దొంగతనంగా వేరు తెచ్చింది. ప్రతిసారీ గుడిసెలోకి వచ్చేసరికి అంతే. గదిలో ఇన్ని రోజులూ ఆమె చేస్తున్నది ఇదే.

"మనం ఏం చేసినా ఒకటే నాయనా" అంది. నా వైపు చూడకుండా అంది.

నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. "మరి అవ్వ ఏదన్నా అడిగితే కింద రెండేసి మూడేసి జవాబులు చూపిస్తారే, ఎందుకంటా? ఏది నొక్కినా ఒకటే అయితే ఒక్కటి చాలుగా" అన్నాను.

నాకు మాత్రం ఉపాయం తట్టింది. నేను పసుపు దీపం నొక్కను. నొక్కకపోతే జ్వరం రాదు. ఇంత చదువుకున్నవాళ్ళకి ఇది ఎందుకు తట్టలేదో.

జూలై 17

అవ్వ బాగుంది. గవ్వలు ఏరుకుంటోంది.

జూలై 18

అవ్వ బాగుంది. ఫ్లోరా కూడా బాగుంది. అన్నం కొంచెం మిగిల్చింది, ఈ ఉక్కలో ఎవరు మాత్రం తింటారు.

జూలై 19

అవ్వ బాగుంది. ప్రేమలీల గారి ఫోను వచ్చినట్టుంది, నేను పెరట్లో ఉన్నాను.

జూలై 22, మంగళవారం

కరుణకూ నాకూ మాటా మాటా వచ్చింది. పెరట్లో ఉన్నానని రాశాను కదా, ఫోను కూడా నాతోనే పెరట్లో ఉంది. కరుణ చూసింది.

"మోగతావుంటే చేతిలో పెట్టుకోని చూస్తావుండావే, ఎవురది?"

"ఎవురో లోను ఇస్తామనేవాళ్ళు."

"ఆ సిస్టరమ్మ నాకూ చేసిందిలే. బిడ్డకి ఫోనొస్తే బిడ్డకియ్యి. నీకు రాలేదు ఆ ఉద్యోగం."

"బిడ్డ అలిసిపోయుండాదే. ఇంట్లో ఉంటే నీకేమన్నా బరువా?"

కరుణ చీపురు కింద పెట్టింది. "బరువా? నేను మోసినా దాన్ని, నువ్వు మోయలేదు. నిన్న దాని తల దువ్వతా అడిగినా, ఏం పాపా అని. ఏంలేదుమా అనింది. ఎంటికలు రాలిపోతుండాయి గుప్పిళ్ళు గుప్పిళ్ళు. నువ్వేమో బాగుండాది బాగుండాది అని వీధి వీధికీ చెప్పుకుంటుండావు."

నేను చొక్కా వేసుకుని రేవు దాకా వెళ్ళి వచ్చాను. పడవలు ఇంకా రాలేదు.

ఇంటికి వచ్చి ఆట తెరిచాను. అవ్వ అక్కడే ఉంది. అదే గవ్వ ఏరుతుంది, బుట్టలో వేస్తుంది, నడుం మీద చెయ్యి పెట్టుకుంటుంది, మళ్ళీ అదే గవ్వ. వారం నుంచి అదే గవ్వ అని నాకు ఈ రోజే కనిపించింది.

ఫ్లోరా వెనక నిలబడి చూస్తోంది. "నువ్వు దీపం నొక్కలేదు కాబట్టి ఆమె బతికున్నట్టు కాదు నాయనా. కథ నిలిచిపోయింది, అంతే."

జూలై 23

సాయంత్రం ఫ్లోరా నేనూ ఇసుకలో కూర్చున్నాం. తనే పిలిచింది. నా ఆనందం ఏం చెప్పను, కరుణ ఇచ్చిన జామకాయలు జేబులో పెట్టుకుని వెనకే నడిచాను.

అక్కడ చెప్పింది. ఆమె వార్డులో ఒక లారీ డ్రైవరు ఉండేవాడట, ఒడిశా మనిషి. యాక్సిడెంటు. ఇంటివాళ్ళు రైల్లో వస్తున్నారు, వచ్చేదాకా ఆయన బతకడని డాక్టర్లకు తెలుసు. ఫ్లోరాకు ఆయన భాష రాదు. ఏదో ఒకటే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడట. ఆ నెలలో అట్లా పోయినవాళ్ళు చాలామంది. ఈయన పోయిన మర్నాడు బట్టలు సంచిలో వేసుకుని బస్సు ఎక్కేసింది.

"నువ్వు చెయ్యాల్సింది చేసుంటావు గదమ్మా" అన్నాను.

"ఏం చేసినా? చెయ్యి పట్టుకోని కూర్చున్నా. అవునవునని తలూపినా. ఏం అడుగుతుండాడో కూడా తెలీదు. నేను లేకపోయినా ఆ టైముకే పోయుండేవాడు. రాసిపెట్టినట్టే జరిగింది."

నేను ఇంత మాటకారిని. సాక్ష్యం చెప్పమంటే పాస్టరు దగ్గే దాకా చెబుతాను. ఆ పూట మాత్రం ఒక జామకాయ చేతిలో పెట్టాను. కొరకలేదు, పట్టుకుని కూర్చుంది.

జూలై 24

ఏమీ లేదు.

జూలై 26, శనివారం

ఈ రోజు సంగతి వివరంగా రాసుకోవాలి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫ్లోరాని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను. "దీపం నొక్కుతుండా" అన్నాను. ఎందుకు నాయనా అంది. "ఆ గవ్వని చూడలేకపోతుండా" అన్నాను. నరేంద్రబాబు కూడా వచ్చి గుడిసె బయట నిలబడ్డాడు.

నొక్కాను. అవ్వ బుట్ట కింద పెట్టింది, గుడిసెలోకి పోయి మంచం మీద పడుకుంది. జ్వరం. నేను మంచం పక్కకు వెళ్ళాను. "కొండ మీద వేరు ఉంది, తెచ్చిపెడతావా నాయనా" అని అడిగింది. కింద రెండు జవాబులు వచ్చాయి. 'వేరు తెస్తాను' అని ఒకటి. 'ఇక్కడే ఉంటాను' అని ఒకటి.

"మొదటిది నొక్కండి, పడవ నేను నడపతా" అన్నాడు నరేంద్రబాబు.

నేను రెండోది నొక్కాను.

"అయ్యో, అది కాదండి. అది నొక్కితే పని పోయినట్టే. కత్తి రాదు. ఆ జవాబు ఎవురూ నొక్కరు."

"ముసలామెకి ఆఖరు గడియలొస్తే వదిలేసి కత్తి కోసం పోతారా ఎవురన్నా?" అన్నాను. మా పేటలో ఎవరికైనా అట్లా అయితే ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని మంచం పక్కన కూర్చుంటాం. డాక్టరు చేతులెత్తేసినా సరే. పాట వచ్చినవాళ్ళు పాట పాడతారు, రానివాళ్ళు ఊరికే కూర్చుంటారు. ఒక్క నిమిషం కూడా గదిలో మనిషి లేకుండా ఉండకూడదు. నా తండ్రికి అట్లాగే చేశారు, నాకూ అట్లాగే చేస్తారు. ఇది ఆట అని నాకు గుర్తులేదు, నిజం చెప్పాలంటే.

నా తెల్లజుట్టు మనిషిని ఎట్లా కూర్చోబెట్టాలో ఫ్లోరాని అడిగాను. చూపించింది. మంచం పక్కన మఠం వేసుకుని కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ జరగలేదు. ఆట చెడిపోయిందేమో అనుకున్నాం. అప్పుడు అవ్వ కళ్ళు తెరిచింది.

"ఎవరక్కడ? ఇంకా పోలేదా?" అంది. మళ్ళీ జవాబులు వచ్చాయి. 'నాకు దారి తెలియదు' అన్నది నొక్కాను.

అవ్వ నవ్వింది. "దారి నేను చెబుతానుగా, అందరికీ చెప్పేది నేనే. ఆ వేరు నాకు పనిచెయ్యదు బాబూ. మందులిచ్చేదాన్ని, నాకు తెలియదా? చేతులు కట్టుకుని చూడలేరు మనుషులు, పాపం. ఏదో ఒక పని ఉంటే మేలని పంపిస్తాను. పంపించాక ఇల్లు ఖాళీ అయిపోతుంది. ఏం చేస్తాం."

ఫ్లోరా నా భుజం పట్టుకుంది.

అవ్వ ఇంకా చాలా చెప్పింది. తన కూతురు పేరు చెప్పింది, కూతురు ఉన్నట్టే మాకు ఎవరికీ తెలియదు. చివరికి గాలి ఎటు నుంచి వీస్తోంది అని అడిగింది. నాలుగు దిక్కులూ జవాబుల్లో వచ్చాయి. నేను ఫోను చూడకుండా తలుపులోంచి బయటికి చూసి, సముద్రం వైపు నుంచే వస్తోందని, తూర్పు అని నొక్కాను.

"అయితే పడవలు వచ్చేస్తాయిలే" అంది. అంతే. నెమ్మదిగా పోయింది.

తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి: మీరు వేరు తేలేదు. ఈ పని విఫలమైంది.

గుడిసె బయట నుంచి నరేంద్రబాబు గొంతు వచ్చింది. "నేను మూడుసార్లు ఆడినాను సార్ ఈ భాగం. ఆమె ఈ మాటలు చెప్పగా నేను వినలేదు." ఎప్పుడూ గారూ అనేవాడు, సార్ అన్నాడు. షాపులో ఎవరో పిలిచినట్టుంది, వెళ్ళిపోయాడు.

ఫ్లోరా మాత్రం కదల్లేదు.

"నేను ఒక్కసారి కూడా గుడిసెలో లేను" అంది.

జూలై 27, ఆదివారం

చర్చి నుంచి వచ్చేటప్పుడు ఫ్లోరా అడిగింది. అవ్వ ఏమనింది, మళ్ళీ చెప్పు అని. ఒక మనిషితో ఒక్కసారే ఆ భాగం వస్తుందట, వెనక్కి పోయి వినడం కుదరదు. నాకు గుర్తున్నంత చెప్పాను, గుర్తులేని చోట నా సొంతం కూడా కొంచెం కలిపాను. కనిపెట్టింది. "అది ఆమె అనలేదు, నువ్వంటుండావు" అంది.

నేను మెల్లగా అడిగాను. "ఆ లారీ ఆయన, పోయేటప్పుడు ముఖం ఎట్టుండింది?"

నాలుగడుగులు నడిచి ఆగింది.

"మొదట భయం భయంగా ఉండింది. చెయ్యి వదిలిపెట్టనీలేదు. తర్వాత తర్వాత..."

"ఊ."

"నిద్రపోయే బిడ్డ మాదిరి వేళ్ళు సడలినాయి నాయనా. నేను పట్టుకోనే ఉండా."

కరుణ ముందు నడుస్తోంది. వెనక్కి తిరగలేదు, కానీ కొంగుతో ముఖం తుడుచుకోవడం చూశాను.

ఇంటికి వచ్చాక రెండుసార్లు పులుసు వేయించుకుంది ఫ్లోరా. రెండోసారి తనే అడిగింది. నేను లేచి నిలబడ్డాను సంతోషం పట్టలేక, కూర్చోవయ్యా అంది కరుణ.

జూలై 29

"నాకేమన్నా ఫోనులొచ్చినాయా నాయనా?" అని అడిగింది పొద్దున.

కరుణ పొయ్యి దగ్గర నుంచి నన్నే చూస్తోంది. వచ్చినాయమ్మా అన్నాను. ఎన్ని వచ్చినాయి, ఏమన్నారు, నేనేమన్నాను, పెరట్లోకి ఎందుకు పోయాను, అన్నీ చెప్పేశాను. చెబుతుంటే చెమట పట్టింది.

కోప్పడుతుందనుకున్నాను. "నువ్వు కూడా దీపం నొక్కలేదన్నమాట" అని ఫోను తీసుకుని వరండాలోకి పోయింది. అరవంలో, తెలుగులో కలిపి చాలాసేపు మాట్లాడింది ప్రేమలీల గారితో. నాకు వినిపించింది ఒక్కటే. శుక్రవారం వస్తానక్కా అనింది.

జూలై 30

ఏదో ఒకటి రాయాలని తెరిచాను. రాయలేకపోతున్నాను. రేపు రాస్తాను.

ఆగస్టు 1, శుక్రవారం

బస్సు ఎక్కించి వచ్చాను. కరుణ నెల్లూరు దాకా వెళ్ళింది, రైలు ఎక్కించడానికి. నేను కూడా వస్తానంటే "నువ్వు స్టేషన్లో సాక్ష్యం చెప్తావు, వొద్దు" అంది.

ఫ్లోరా కిటికీలోంచి అడిగింది. "నేను పోతుండానని బాధ పడతావుండావా?"

లేదన్నాను. ఆ మాట అబద్ధం. రెండు రోజులు పెరట్లోనే ఉన్నాను, ఈసారి ఫోను లేకుండా. అయినా బస్సు కదిలినప్పుడు నా బిడ్డ వెనక్కి చూసి చెయ్యి ఊపలేదు. పక్కసీటు ముసలాయన ఏదో అడుగుతుంటే ఆయన వైపు తిరిగి, వంగి, వింటూ ఉంది. అది చూశాక బస్సు మలుపు తిరిగినా అక్కడే నిలబడ్డాను. టీ కొట్టతను "ఏం సమాధానం అన్నా, నవ్వతుండావు" అన్నాడు. నవ్వుతున్నానని నాకు తెలియదు.

ఆగస్టు 5, మంగళవారం

ఈ రోజు టిఫిను వేళకి ఫ్లోరాయే ఫోను చేసింది. నేను మొదలుపెట్టాను. తిన్నావా, నిద్రపోయావా, హాస్టలు నీళ్ళు బాగున్నాయా. నరేంద్రబాబు కూడా కొత్త మనిషిని చేసి కత్తి వద్దనుకుని రెండో జవాబు నొక్కాడమ్మా, ఆయనకి అవ్వ వేరే మాటలు చెప్పిందట, ఆయన గాలి పడమర అన్నాడట...

"నాయనా" అంది.

"ఏందమ్మా?"

"ఆరో బెడ్డులో ఒకామెకి ఇప్పుడు మెలకువొచ్చింది. ఒంటిగా ఉండాది. నేను పోవాల."

ఫోను పెట్టేసింది. నా మాట సగంలో, సరే అనే లోపలే పెట్టేసింది. డెబ్భై ఏళ్ళు రాబోతున్నాయి నాకు, ఇంత సంతోషంగా నా మాట ఎవరూ తుంచలేదు.